వాక్సింగ్ తర్వాత దద్దుర్లు, చీము గుల్లలు, లోపలే చుట్టుకునే వెంట్రుకలు: ఏది ఎందుకు?

నల్లకుంట_వెన్నెల

అందరికీ నమస్తే. చేతులకు, మోకాళ్ల కింద, చంకల్లో వాక్సింగ్ చేయిస్తే ఒక్కోచోట ఒక్కో రకంగా అవుతోంది.

చేతుల మీద అప్పటికప్పుడు ఎర్రటి దద్దుర్లు లేచి సాయంత్రానికి అణిగిపోతాయి. కాళ్ల మీద రెండో రోజుకో మూడో రోజుకో వెంట్రుక మొదళ్ల దగ్గర తెల్లటి చీము తలతో గుల్లలు వస్తాయి. అవి తగ్గాక రెండు మూడు వారాలకు అక్కడే చర్మం కింద చుట్టుకుపోయిన వెంట్రుకలు, గిల్లితే నల్ల మచ్చ. చంకల్లో మాత్రం ఈసారి పైతోలు లేచినట్టయింది, నీళ్లు పడితే భగ్గుమంటోంది.

పార్లర్‌లో వాడేది హనీ వాక్స్, గుడ్డ పట్టీలు. మొటిమలకు రాత్రిపూట ముఖానికి అడాపలీన్ 0.1 శాతం జెల్ రాస్తాను. మందుల షాపులో అడిగితే ‘అన్నిటికీ ఇదొక్కటే చాలు’ అని ఒక ట్యూబ్ ఇచ్చారు. దాని మీద క్లోబెటసాల్, నియోమైసిన్, మైకోనజోల్ అని ఉంది. ఇంకా మూత తీయలేదు.

ఇవన్నీ ఒకటేనా? ఆ ట్యూబ్ రాయొచ్చా? వచ్చే నెల ఇంట్లో పెళ్లి ఉంది, పైపెదవికి కూడా వాక్స్ చేయించాలని ఉంది. ఏమంటారు?

చర్మం_సంగతి

వెన్నెల గారూ, ఒకటి కాదండీ, నాలుగు. వాక్సింగ్ అయిన ఎన్ని గంటలకు వచ్చిందో చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

గంటల్లో వచ్చి గంటల్లో పోయే చేతుల దద్దుర్లు జబ్బు కాదు. వెంట్రుకను కుదురుతో లాగినప్పుడు చుట్టూ ఉన్న కణాలు హిస్టమిన్ అనే దురద, వాపు తెచ్చే రసాయనాన్ని వదులుతాయి, ఆ కుదురు చుట్టూ ఎర్రబడి ఉబ్బుతుంది. చల్లటి నీళ్లలో తడిపి పిండిన మెత్తటి గుడ్డ 10 నిమిషాలు వేస్తే చాలు. ఐస్ ముక్క నేరుగా రుద్దొద్దు. దురద మరీ ఎక్కువైతే పెద్దవాళ్లు రాత్రికి సెట్రిజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకోవచ్చు. మత్తుగా ఉంటుంది కాబట్టి వేసుకున్నాక బండి నడపొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. పెదవులు, కనురెప్పలు ఉబ్బినా ఊపిరి పట్టేసినా ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

కాళ్ల మీద గుల్లలు వేరే సంగతి. ఒక్కో గుల్ల మధ్యలో ఒక్కో వెంట్రుక కుదురు ఉంటే అది ఫాలిక్యులైటిస్. వెంట్రుక ఊడిన కుదురు ఒకట్రెండు రోజులు గాయమే. మన చర్మం మీదా, ముక్కులోనూ, చేసేవాళ్ల చేతుల మీదా ఉండే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా అందులో దూరితే చీము పడుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో బిగుతు జీన్స్ వేసుకుని స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లొస్తే దానికి కావలసిన చెమట, రాపిడి రెండూ అందుతాయి. నాలుగైదు గుల్లలే ఉంటే చిదమకుండా, బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం వాష్ రాసి రెండు నిమిషాలు ఉంచి కడిగేయండి, రోజుకోసారి. తువ్వాలుకు తగిలితే రంగు పోతుంది, పాతది వాడండి. తోలు లేచిన చంకల జోలికి మాత్రం దాన్ని తీసుకెళ్లొద్దు. గుల్లలు తగ్గకపోతే డాక్టరు ముపిరోసిన్ 2 శాతం లాంటి పూత రాస్తారు. గుల్లలు పాకుతున్నా, నొప్పిగా గడ్డ కట్టినా, జ్వరం వచ్చినా పూతలతో కాలం గడపొద్దు. హైదరాబాద్‌లోని ఉస్మానియా, గాంధీ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చర్మవ్యాధుల విభాగాలున్నాయి, ప్రైవేటుకే వెళ్లాలని లేదు.

దీన్ని పోలి ఉండి జనాన్ని తికమక పెట్టేది ఇంకొకటుంది, అలర్జీ. అదీ 24 నుంచి 72 గంటల మధ్యే వస్తుంది. కాకపోతే కుదుళ్లతో సంబంధం లేకుండా, వాక్స్ రాసిన మేర గీత గీసినట్టు ఎర్రబడి, విపరీతంగా దురద పెట్టి, ఒక్కోసారి నీరు కారుతుంది. చాలా వాక్సుల్లో జిగురు కోసం పైన్ చెట్టు నుంచి తీసే రోజిన్ కలుపుతారు, దానికి పడనివాళ్లున్నారు. కొన్ని బ్యాండేజీ ప్లాస్టర్ల జిగురులోనూ అదే ఉంటుంది. ప్లాస్టర్ వేస్తే దాని ఆకారంలోనే దద్దు లేచే మనిషైతే, వాక్స్ ముందు మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత చోట రాసి, తీసి, 48 గంటలు ఆగి చూడాలి. వాక్సుల్లోని సువాసనలకు, తర్వాత రాసే నూనెలకు కూడా ఇలాగే రావచ్చు.

చంకల్లో తోలు లేవడం మామూలు గాయం కింద లెక్క. మామూలు నీళ్లతో కడిగి, అద్ది, పెట్రోలియం జెల్లీ పలుచగా రాయండి. మానేదాకా డియోడరెంట్, పౌడర్, డెట్టాల్ ఏవీ వద్దు. ముఖానికి రాసే అడాపలీన్ చంకల్లో తోలు లేపదు. కానీ చంకలు తెల్లబడతాయని, చర్మం పైపొరను వదులు చేసే గ్లైకాలిక్ యాసిడ్ రోల్-ఆన్ లాంటిదేమైనా వాడుతున్నారా? అదైతే కారణం దొరికినట్టే.

మచ్చల సంగతి: మన గోధుమరంగు, చామనఛాయ చర్మాల్లో ఏ చిన్న వాపు వచ్చినా చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా తయారై మచ్చ నిలుస్తుంది. కాళ్ల మీద మరీ నెమ్మది, నెలలు పడుతుంది. గిల్లడం మానడమే అసలు మందు. ఎండ తగిలే చోట ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, పుళ్లు పూర్తిగా మానాక అజిలాయిక్ యాసిడ్ 10 శాతం పనికొస్తాయి. మెడ మీద, చంకల్లో నల్లగా, దళసరిగా, మడతలు పడి ఉంటే మాత్రం దాన్ని వాక్స్ మీదికి నెట్టొద్దు. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు అలా అవుతుంది, షుగర్ పరీక్ష చేయించుకోవాలి.

దిల్‌సుఖ్‌నగర్_ట్రైనర్

పైన మందుల సంగతి మంచిగ చెప్పిన్రు. చేసే పద్ధతిల ఏడ తప్పు జరుగుతదో నేను చెప్తా, పార్లర్ల కూసున్నప్పుడు మీరే చూస్కోవచ్చు.

ముందుగాల పొడుగు. వెంట్రుక బియ్యపు గింజంత, అంటే 5, 6 మిల్లీమీటర్లు ఉండాలె. గంతకన్న పొట్టిగుంటే వాక్స్ పట్టదు, సగంల తెగుతది. 12 దాటితే ముందు కత్తిరియ్యాలె, లేకుంటే నొప్పి ఎక్కువ.

చర్మం మీద చెమట, లోషన్ ఏం ఉండొద్దు. హనీ వాక్స్‌కు ముందు తుడిచి, ఆరినంక పౌడర్ సన్నగ చల్లాలె. బీన్ వాక్స్, అంటే పట్టీ లేకుండ చేత్తో లాగే గట్టి వాక్స్, దానికి పౌడర్ కాదు, రెండు చుక్కల నూనె. ఈ రెండు తారుమారు చేస్తే వాక్స్ జారనన్న జారుతది, తోలునన్న పట్టుకుంటది.

వేడి సంగతి శానమంది పట్టించుకోరు. హీటర్ల పైన గడ్డ కట్టినట్టే కనిపిస్తది, అడుగున కాగుతుంటది. కలపకుండ అడుగుకెల్లి తీసి రాస్తే బొబ్బ ఖాయం. 60 డిగ్రీల వేడి తగిలితే చర్మం లోపలిదాంక కాలనీకె కొన్ని సెకండ్లు చాలు. మీకు రాసే ముందు ఆమె తన మణికట్టు మీద వేస్కొని చూసిందా లేదా? చూడకుంటే ‘ఒకసారి చూడుండ్రి’ అని అడగండి, సిగ్గుపడేదేం లేదు.

రాసుడు వెంట్రుక పెరిగే దిక్కుకు, లాగుడు ఎదురు దిక్కుకు. పొర పలుచగుండాలె, కింది చర్మం కనపడేటట్టు. మందంగ రాస్తే పట్టీకి రాదు, మళ్ల మళ్ల లాగుతరు. రెండో చెయ్యితోని చర్మం బిగబట్టి, పట్టీని చర్మానికి ఆనిచ్చి, పక్కకు, ఒక్క ఊపుల లాగాలె. పైకి లేపి లాగితే వెంట్రుక చర్మం లోపలనే తెగుతది, చర్మం కములుతది. మీ కాళ్ల మీద లోపల చుట్టుకునేటియి ఎక్కువ గిట్ల తెగినయే. తెగిన కొస మొనదేలి, పైకి రాకుండ పక్కకే పెరుగుతది.

ఒక పరీక్ష చెప్తా. లాగినంక పట్టీ తీసి వెలుతురుల చూడుండ్రి. వెంట్రుక కొసకు తెల్లటి చిన్న ఉబ్బు ఉంటే కుదురుతోని వచ్చినట్టు. కొసలు కత్తెర పెట్టినట్టు మొండిగున్నయంటే తెగుతున్నయ్, చెయ్యి మార్చుమనండి.

చంకల వెంట్రుకలు ఒక్క దిక్కు పెరగయ్, రెండు మూడు దిక్కులుంటయ్. మొత్తం ఒక్కటే పట్టీ వేసి లాగుతే సగం అడ్డంగ లాగినట్టే. మూడు ముక్కలు చేసి చెయ్యాలె, చెయ్యి తల ఎనకకు పెట్టించి. పట్టీ వాక్స్ ఒక్క చోట ఒక్కసారే. మిగిలినయి చిమ్టాతోని తియ్యాలె. మీకు తోలు లేచిందంటే అదే చోట రెండోసారి, మూడోసారి లాగి ఉంటరు, అదే నా అనుమానం.

ఇగ చీము గుల్లల సంగతి. ఒక్క చెక్క పుల్ల ఒక్కసారే డబ్బాల ముంచాలె. రాసిన పుల్లనే మళ్ల ముంచుతే, ముందొచ్చినామె చర్మం మీదున్నది మీ మీదికొస్తది. వాక్స్ వేడికి సూక్ష్మక్రిములు చస్తయనుకుంటరు, గంత వేడిల చావయ్. ఉతికి మళ్ల వాడే గుడ్డ పట్టీలు ఇంక అధ్వాన్నం. పేపర్ పట్టీల రోల్ బేగంబజార్ల హోల్‌సేల్‌కు దొరుకుతది, మీరే కొని తీస్కపోయినా ఏ పార్లరామె కాదనదు.

చాక్లెట్, అలోవెరా, ఫ్రూట్ అని పేర్లు చూసి ఎక్కువ పైసలు పెట్టొద్దు. ఎక్కువ మట్టుకు అయి రంగు, వాసన. డబ్బా ఎనక రోజిన్ ఉందా, గ్లిజరిల్ రోజినేట్ ఉందా చూడుండ్రి. అలర్జీ ఉన్నోళ్లకు పనికొచ్చే ముచ్చట గదే.

మందులషాపు_ముషీరాబాద్

ఆ ట్యూబ్ మూత తీయలేదన్నారు, అలాగే ఉంచండి.

క్లోబెటసాల్ 0.05 శాతం అంటే పూతగా దొరికే స్టెరాయిడ్లలో అన్నిటికంటే బలమైన వర్గం. రాసిన రెండో రోజుకు ఎరుపు, దురద మాయమైనట్టే ఉంటాయి, ఎందుకంటే అది వాపును అణుస్తుంది. లోపల చీము చేసే బ్యాక్టీరియా మాత్రం ఇంకా సుఖంగా పెరుగుతుంది. మైకోనజోల్ ఫంగస్‌కు మందు, మీకున్నది ఫంగస్ కాదు. నియోమైసిన్ యాంటీబయాటికే గానీ, తనే కొంతమందికి అలర్జీ తెస్తుంది. ముగ్గురూ కలిసి వచ్చినా మీ గుల్లలకు సరైన మందు అందులో లేదు.

చంకలు, తొడల మడతల్లో చర్మం పలుచన, మందు లోపలికి ఎక్కువ ఇంకుతుంది. అక్కడ వారాల తరబడి రాస్తే చర్మం కాగితంలా పలుచబడి, ఎర్రటి చారలు పడతాయి, ఆ చారలు పోవు. అలాంటి చర్మం మీద మళ్లీ వాక్స్ వేస్తే పట్టీతో పాటు తోలే వస్తుంది. ‘వాక్స్ పడట్లేదు, క్రీమ్ రాస్తున్నాను, ఇంకా పడట్లేదు’ అనే వాళ్లలో కొందరికి అసలు కారణం ఆ క్రీమే.

2018లో కేంద్రం పూత స్టెరాయిడ్లు చాలావాటిని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. మా వృత్తిలో దాన్ని పాటించనివాళ్లు ఉన్నారు, ఒప్పుకోక తప్పదు.

నల్లకుంట_వెన్నెల

అందరికీ చాలా థాంక్స్ అండీ. రోల్-ఆన్ సంగతి నిజమే, గ్లైకాలిక్ 5 శాతం అని దాని మీదే ఉంది. ఆపేశాను. ఇంకో రెండు అడుగుతాను: ఇంట్లో పంచదార, నిమ్మరసంతో చేసుకునేది మేలేనా, కొలతలేంటి? వాక్స్ అయ్యాక పసుపు రాస్తే వెంట్రుకలు తగ్గుతాయని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు, రాయొచ్చా?

పాకం_గరిటె

కొలతలు నేను రాస్తాను. పంచదార 400 గ్రాములు, నీళ్లు 60 మిల్లీలీటర్లు, వడగట్టిన నిమ్మరసం 60 మిల్లీలీటర్లు. మన చిన్న నిమ్మకాయలైతే నాలుగైదు పడతాయి. అడుగు మందం గిన్నెలో సన్న సెగ మీద కరిగేదాకా కలిపి, ఆ తర్వాత గరిటె పెట్టొద్దు. నిమ్మ పులుపు పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది. అది లేకపోతే చల్లారగానే మళ్లీ పలుకులు కడుతుంది.

అరిసెల పాకం చూసినట్టే చూడాలి: గిన్నెడు చల్లటి నీళ్లలో చుక్క వేస్తే కరగకుండా వేళ్ల మధ్య మెత్తటి ఉండ కావాలి. దానికంటే ఒక్క పిసరు ముదరనిచ్చి, తేనె రంగు రాగానే దించాలి. థర్మామీటర్ ఉంటే 115 నుంచి 120 డిగ్రీల మధ్య. లేతగా దిగితే చర్మానికి అంటుకుని పట్టీకి రాదు, మళ్లీ రెండు నిమిషాలు కాచండి. ముదిరి రాయిలా అయితే చెంచాడు నీళ్లు పోసి కరిగించండి.

దించిన పాకం మరిగే నీళ్లకంటే వేడి. చర్మం మీద పడితే జారిపోదు, అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. కాబట్టి కనీసం అరగంట ఆగి, గోరువెచ్చన అయ్యాక, మణికట్టు మీద చూశాకే వాడాలి. మళ్లీ వేడి చేయాలంటే సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. మైక్రోవేవ్‌లో పెడితే ఒకచోట చల్లగా, ఒకచోట సలసల కాగుతూ ఉంటుంది.

దీని మేలు రెండు: రోజిన్ ఉండదు, మిగిలిన జిడ్డు మామూలు నీళ్లతో పోతుంది. రోజిన్ వాక్స్ నీళ్లకు లొంగదు, కొబ్బరినూనెతో తుడవాలి. దాన్ని నీళ్లు పోసి రుద్దీ రుద్దీ తోలు రేపుకునేవాళ్లే ఎక్కువ. కీడు ఒకటి: పంచదార గాల్లో తేమ లాగుతుంది. జులై, ఆగస్టు ముసురులో రాసిన రెండు నిమిషాలకే చెమ్మగిల్లి సాగుతుంది. ఫ్యాన్ కింద, చిన్న చిన్న చోట్ల చేసుకోండి. ఎంత బాగా కుదిరినా చంకలు ఒంటరిగా చేసుకోవద్దు, ఒక్క చేత్తో చర్మం బిగబట్టడం కుదరదు.

చర్మం_సంగతి

పాకం బాగా చెప్పారు. పసుపు విషయం: వాక్స్ అయిన రోజు వంటింటి పసుపు వద్దు. తెరిచి ఉన్న కుదుళ్ల మీద అది పొడి, మరక, కొందరికి అలర్జీ. వెంట్రుకల పెరుగుదల దానితో ఆగదు.

పెళ్లి అన్నారు కాబట్టి వరుస ముఖ్యం. నలుగు పెట్టే రోజుకు కనీసం మూడు నాలుగు రోజుల ముందే వాక్సింగ్ అయిపోవాలి, లేకపోతే సున్నిపిండి రుద్దుడుకు ప్రతి కుదురూ రాచుకుంటుంది. గోరింటాకు కూడా వాక్స్ తర్వాతే. ముందు పెట్టుకుంటే పైపొరతో పాటు రంగూ లేచిపోతుంది. కోన్ తీసుకుంటే నల్లగా పండే రకం జోలికి వెళ్లొద్దు. అందులో జుట్టు రంగుకు వాడే పీపీడీ కలుపుతారు, అప్పుడే వాక్స్ చేసిన చేతుల మీద అది బొబ్బలెక్కించగలదు.

పైపెదవికి ఇప్పుడు వాక్స్ వద్దనే నా మాట. అడాపలీన్ పైపెదవి దాకా రాస్తుంటే ముందు కనీసం వారం ఆపాలి, అప్పుడు కూడా థ్రెడింగే నయం. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడేవాళ్లు కోర్సు నడుస్తున్నంత కాలం, ఆపిన తర్వాత 6 నెలలు ఎక్కడా వాక్స్ చేయించకూడదు. పెదవి అంచున తరచూ జ్వరపు పొక్కులు వచ్చేవాళ్లకు ఆ లాగుడుకే హెర్పిస్ మళ్లీ లేస్తుంది. ఇంకా బొల్లి, సోరియాసిస్ పెరిగే దశలో ఉన్నవాళ్లకు చర్మం ఎక్కడ దెబ్బతింటే అక్కడే కొత్త మచ్చ పుట్టొచ్చు. అలాంటివాళ్లకు వాక్స్ కంటే ట్రిమ్మర్ మేలు. రక్తం పలుచబరిచే మందులు వాడేవాళ్లూ వాక్స్ మానాలి. ఉబ్బిన నరాలున్న కాళ్లు, పుట్టుమచ్చలు, పులిపిర్లు ఉన్న చోట్లు కూడా వదిలేయాల్సినవే.

కాళ్లకు: వాక్స్ అయిన 24 గంటలు వేడినీళ్ల స్నానం, జిమ్, స్విమ్మింగ్ పూల్, లెగ్గింగ్స్ వద్దు. మూడో రోజు నుంచి, గుల్లలు లేకపోతేనే, 10 శాతం యూరియా లోషన్ రాత్రిపూట రాయండి. పైపొర మెత్తబడి కొస బయటికి రావడానికి దారి దొరుకుతుంది. ఇప్పటికే లోపల చుట్టుకున్నవాటికి సూది పెట్టొద్దు, గోరువెచ్చటి తడిగుడ్డ రోజుకు 10 నిమిషాలు పెడితే చాలావరకు అవే లేస్తాయి.

దిల్‌సుఖ్‌నగర్_ట్రైనర్

యూరియా మంచిదే గని, వాక్స్ రోజు పొద్దుగాల రాస్కొని రావొద్దు. జారుడే జారుడు. ముందు రోజు రాత్రే ఆపెయ్యండి.

ఉప్పల్_పాఠకురాలు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ప్రతిసారీ లోపల చుట్టుకుంటుంటే లేజర్‌కు వెళ్లడం మంచిదా? గడ్డం కింద కూడా మందంగా వస్తున్నాయి.

చర్మం_సంగతి

మళ్లీ మళ్లీ చుట్టుకునేవాళ్లకు లేజర్ మంచి దారే. కానీ లేజర్ పట్టుకునేది కుదురులో ఉన్న వెంట్రుక రంగును. వాక్స్, థ్రెడింగ్‌తో కుదురు ఖాళీ చేసి వెళితే కాల్చడానికి అక్కడ ఏమీ ఉండదు. మొదటి సిట్టింగ్‌కు 4 నుంచి 6 వారాల ముందే ఆపాలి, మధ్యలో షేవ్ చేసుకోవచ్చు. ముదురు చామనఛాయకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ అనే రకం లేజర్ మిగతావాటికంటే తక్కువ ప్రమాదం, పైచర్మంలోని మెలనిన్ దాన్ని తక్కువగా పీల్చుకుంటుంది. ఏ మెషీన్ వాడతారో, ఎవరు చేస్తారో ముందే అడగండి.

గడ్డం కింద మందంగా వస్తూ, నెలసరి కూడా క్రమం తప్పుతుంటే లేజర్ కంటే ముందు గైనకాలజిస్టునో, హార్మోన్ల డాక్టరైన ఎండోక్రైనాలజిస్టునో కలవండి. పీసీఓఎస్ (అండాశయాలు, హార్మోన్లు అదుపు తప్పే సమస్య) ఉండి దానికి మందు వాడకపోతే, కాల్చిన చోటు పక్కనే కొత్తవి పుడుతూనే ఉంటాయి. పరీక్షల రిపోర్టులు వచ్చేదాకా అక్కడ వాక్స్ వేయకుండా ట్రిమ్ చేసుకోండి.